మాట్లాడుతూ నడవండి, మాస్టారూ

డ్రిల్లు మాస్టారికి గుండెపోటు వచ్చిందంటే బడిలో చాలామంది నమ్మలేదు. పాతికేళ్లుగా మైదానం మధ్యలో నిలబడి ఈల ఊదుతూ పిల్లల్ని పరిగెత్తించిన మనిషాయన. పరిగెత్తించడమే తప్ప తాను పరిగెత్తి ఎన్నాళ్లయిందో ఎవరూ గమనించలేదు. బొజ్జ మాత్రం ఏటేటా చొక్కా గుండీలతో పోట్లాడుతూనే ఉంది.

ఆసుపత్రిలో స్టెంటు వేసి ఇంటికి పంపారు. ఇంట్లో ఉండేది ఆయనా, భర్త పోయాక తమ్ముడి దగ్గరకు వచ్చేసిన అక్కా. ఆ రోజు నుంచి ఆవిడ కాపలా మొదలైంది. దగ్గితే పరుగెత్తుకొచ్చేది. స్నానాల గదికి గడియ వేసుకోనిచ్చేది కాదు. కుర్చీలోంచి లేస్తే "ఎక్కడికిరా?" అనేది. వంగబోతే "ఏం పడింది? నేను తీస్తాగా!" అనేది. ఆయన విసుక్కునేవాడు కానీ, వంగకుండా ఆగిపోయేవాడు.

కొన్నాళ్లకు గుండె జబ్బు మనుషుల కోసం ఆసుపత్రిలోనే ఉన్న వ్యాయామశాలకు వెళ్లమన్నారు డాక్టరు. ఛాతీకి తీగలు అతికించుకుని ట్రెడ్‌మిల్లు మీద నడవాలి. ఎదురుగా తెర మీద గుండె వేగం కనబడుతూ ఉంటుంది. మాస్టారు షికారుకొచ్చినట్టు నడిచేవాడు. పక్క మిషన్ల మీది వాళ్లను "ఏయ్, వరుస తప్పొద్దు!" అని గదమాయించి నవ్వించేవాడు. అక్కడి ఫిజియో అమ్మాయి కూడా నవ్వేది.

ఒకరోజు ఆ అమ్మాయి ఆయన నడుముకు టేపు చుట్టి చూసి, నవ్వకుండా అంది.

"ఆయాసం తగ్గింది మాస్టారూ, సంతోషం. పొట్ట మాత్రం ఉన్నచోటే ఉంది. పరీక్షలు చూసి డాక్టరుగారు సరేనన్నారు. రేపటి నుంచి మధ్యమధ్యలో కాస్త వేగం పెంచుదాం. కాసేపు చురుగ్గా, కాసేపు నింపాదిగా."

"పొట్ట నాకేం అడ్డం రావట్లేదమ్మా."

"మీకు రాదు, మీ గుండెకొస్తుంది. పైకి కనిపించేదే కాదు, లోపల పేగుల చుట్టూ కూడా కొవ్వు పేరుకుంటుంది. ఈ నడకకి అది లొంగట్లేదు. తిండి సంగతీ చూసుకుందాం, నడక సంగతీ చూసుకుందాం."

మర్నాడు మిషను వేగం పెరిగింది. తెర మీద అంకె ఎగబాకడం మొదలైంది. దాన్ని చూస్తుంటే ఆయనకు గుండెపోటుతో తాను మైదానంలో కూలిన రోజు గుర్తొచ్చింది. నోట్లోకి దుమ్ము పోవడం, చుట్టూ చిన్న చిన్న బూట్లు. చెయ్యి దానంతటదే వెళ్లి మిషను ఆపే ఎర్ర మీట నొక్కేసింది.

"నొప్పేమైనా ఉందా?" ఫిజియో పరుగున వచ్చింది.

"అబ్బే, బూటు లేసు ఊడితేనూ."

లేసు ఊడలేదు. ఆ అమ్మాయి చూసింది.

ఆ తరవాత మాస్టారు రోజూ వేళకు బూట్లు వేసుకుని బయల్దేరేవాడు. బస్సెక్కేవాడు కాదు. బస్టాపు వెనక పార్కులో బెంచీ మీద కూర్చుని, గంట గడిచాక ఇంటికెళ్లి "అబ్బ, ఇవాళ పిండేశారే!" అనేవాడు.

పది రోజులు పోయాక, మాస్టారు రావడంలేదేమని ఫిజియో ఇంటికి ఫోను చేసింది. అక్క చెప్పులేసుకుని వెతుక్కుంటూ వచ్చింది. బెంచీ మీద తమ్ముణ్ని చూసి ఏదో అయిందనుకుంది. ఆయన తల తిప్పి చూశాకే ఊపిరి పీల్చుకుంది.

"బాగానే ఉన్నావు కదా? మరి ఇదేం పనిరా?"

"ఆ పిల్లకేం తెలుసే! నన్ను గుర్రాన్ని చేద్దామనుకుంటోంది. నువ్వే కదా మెల్లగా, మెల్లగా అంటావు?"

అక్క ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసి బస్సెక్కించింది.

ఫిజియో కోప్పడలేదు. తీగలు అతికించి, తెరను తనవైపు తిప్పుకుంది.

"దీన్ని నేను చూసుకుంటాను. మీ పని మాట్లాడుతూ నడవడం, అంతే. మాట తెగుతూ తెగుతూ వచ్చిందంటే వేగం సరిపోయినట్టు. అసలు రాకపోతే ఎక్కువైనట్టు, వెంటనే తగ్గిస్తాను. నొప్పిగానీ కళ్లు తిరగడంగానీ ఉంటే చెయ్యెత్తండి."

అక్క పక్కనే కుర్చీలో కూర్చుంది. మాస్టారు ఎప్పటిలాగే దర్జాగా మొదలుపెట్టాడు. మా బడి, మా జట్టు, మేం గెల్చిన కప్పు. ఫిజియో వేగం పెంచింది. కప్పు కథ సగంలో ముక్కలైంది. చెమట కళ్లల్లోకి దిగింది. గొప్పలు చెప్పడానికి ఊపిరి చాలడం లేదు.

"చెప్పండి మాస్టారూ, వింటున్నా."

"భయం..." అన్నాడాయన. రెండడుగులు పడ్డాయి. "భయంగా ఉందే, అక్కా."

అక్క కుర్చీలోంచి లేచింది. ఆపమంటుందేమోనని ఫిజియో అటు చూసింది. అక్క మిషను పక్కకొచ్చి నిలబడింది.

"ఆ ముక్క ఇన్నాళ్లూ ఎందుకు అనలేదురా? నువ్వేమో జోకులేస్తూ తిరిగావు. నీ భయం కూడా నేనే పడ్డాను. నడు. నేనిక్కడే ఉన్నా."

ఆయన నడిచాడు. ఫిజియో వేగం తగ్గించాక ఆయన మొహం తువ్వాలులో దాచుకుని ఉండిపోయాడు.

ఆ తరవాత మాస్టారు మానలేదు. వేగం పెరిగిన ప్రతిసారీ భయం వచ్చేది. వస్తోందని పైకే చెప్పేవాడు, నడుస్తూనే ఉండేవాడు. రాత్రి భోజనంలో వేపుళ్లు తగ్గాయి. నాలుగు నెలలకు బరువు పెద్దగా తగ్గలేదు. "ఇంత చెమట కార్చి ఇంతేనా!" అని అక్క దిగాలుపడింది. నడుము మాత్రం బాగా తగ్గిందనీ, కొవ్వు కరుగుతూ కండ బలపడితే తూకం ఒక్కోసారి ఇలాగే ఉంటుందనీ ఫిజియో టేపు చూపించి చెప్పింది. అక్కకు సగమే నమ్మకం కుదిరింది.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి లిఫ్టు పనిచేయడం లేదు. మాస్టారు అక్క చేతిలోని కూరగాయల సంచీ అందుకున్నాడు. ఆమె ఇవ్వనని లాగబోయి, ఎందుకో వదిలేసింది. రెండో అంతస్తు దగ్గర రెయిలింగు పట్టుకుని ఆగి, రొప్పుతూ పైకి చూసింది.

"ఆగరా కాస్త. నాకే ఆయాసంగా ఉంది."

ఆయన కిందికి దిగొచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"తొందరేం లేదు," అన్నాడు. "ఇంతకీ, ఆ కప్పు కథ నీకు పూర్తిగా చెప్పానా?"