నీళ్ళలోకి దిగే రోడ్డు

పరదాలు కుట్టే అతన్ని ఊళ్ళో అందరూ పరదాలాయన అనే పిలిచేవారు. ఏళ్ళ తరబడి బట్ట తానులూ ఇనప కడ్డీలూ అద్దె బళ్ళలో వేసుకుని తిరిగినవాడు కావడం వల్ల, సొంత కారు అతనికి తీరని కోరికగా ఉండిపోయింది. చివరికి బూడిదరంగు పాత కారొకటి ఇంటి ముందు నిలబడేసరికి మొహం చేటంత అయింది. రోజూ నిద్ర లేస్తూనే తడిగుడ్డతో బయటికి వెళ్ళి దాన్ని తుడిచేవాడు.

"తన ఒంటికి నీళ్ళు పోసుకోవడానికి బద్ధకం. దానికి మాత్రం రెండుపూటలా స్నానం" అని తల్లి నవ్వేది.

కోడలు పైకి ఏమీ అనేది కాదు. కానీ పరదాల కొట్టు మూసి ఇంటికి వస్తూ, వీధి మొదట్లోనే మెడ చాచి కారు ఉందో లేదో చూసుకునేది.

కారు అమ్మినాయన దానితోపాటు అరచేతిలో ఇమిడే జీపీఎస్ పెట్టె కూడా ఇచ్చాడు. రబ్బరు గిన్నెతో ముందద్దానికి అతికించి, వెళ్ళవలసిన చోటు నొక్కితే చాలు, ఒక ఆడగొంతు మలుపు మలుపుకీ దారి చెబుతుంది. కొత్త ఇళ్ళు వెతుక్కోవడంలోనే సగంరోజు పోగొట్టుకునే పరదాలాయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"కన్నతల్లి పదిసార్లు చెప్పినా వినడు. పెట్టెలో పిల్ల ఒక్కసారి చెబితే చాలు, కిమ్మనకుండా తిరుగుతాడు" అని అత్తగారు కోడలి చెవిలో అంది.

ఆ నెలలోనే పెద్ద పని ఒకటి తగిలింది. కొండల మధ్య ఉన్న జలాశయం అవతలి ఒడ్డున కొత్తగా కట్టిన అతిథిగృహానికి పరదాలు కుట్టాలి. కిటికీల కొలతలు తీసుకోవడానికి మొగుడూ పెళ్ళామూ బయల్దేరుతుంటే అత్తగారు కూడా చెప్పులేసుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. "కారు కొన్నాక నన్ను ఆసుపత్రికి తప్ప ఎక్కడికి తీసుకెళ్ళావురా? నేనూ వస్తా" అంది.

కొండల్లోకి వచ్చాక ఫోన్లకు సిగ్నల్ పోయింది. రోడ్డు రెండుగా చీలిన చోట అతిథిగృహానికి ఎడమవైపు వెళ్ళాలని బాణం గుర్తు ఉంది. పెట్టె మాత్రం కుడివైపు తిరగమంది.

"బోర్డు అటు చూపిస్తోంది కదండీ" అంది కోడలు.

"అది చుట్టుదారి. ఇటైతే సగం దూరం తగ్గుతుంది, చూడు" అంటూ తెర మీద తిన్నగా సాగిన నీలిగీత చూపించి అతను కుడివైపు తిప్పాడు.

మొదట్లో రోడ్డు బాగానే ఉంది. పోనుపోను తారు పగుళ్ళలోంచి గడ్డి కనబడసాగింది. కరెంటు స్తంభాలున్నాయి గానీ వాటి మీద తీగలు లేవు. బస్సుల కోసం కట్టిన చిన్న గూడు ఒకటి వచ్చింది. దాని బల్ల మీద ముళ్ళపొద మొలిచి ఉంది. ఎదురుగా ఒక్క బండి కూడా రావడం లేదు.

"నరమానవుడు కనబడ్డంలేదేమిట్రా?" అంది అత్తగారు. అప్పటిదాకా ఆగకుండా కబుర్లు చెబుతున్న ఆమె గొంతు తగ్గింది.

"నేరుగా వెళ్ళండి" అంది పెట్టె.

"వెనక్కి తిప్పేద్దామండీ" అంది కోడలు.

"ఇంత దూరం వచ్చాకనా? ఆ మలుపు దాటితే వచ్చేస్తాం."

మలుపు దాటగానే రోడ్డు ఒక్కసారిగా పల్లంలోకి దిగింది. ఆకాశం మబ్బుగా ఉన్నా వాన పడలేదు. పైన రోడ్డంతా పొడిగా ఉంది. ఆ పల్లం మాత్రం తడితడిగా, పల్చటి బురద పూసినట్టు మెరుస్తోంది. ఆ తేడా కోడలి కళ్ళకు ఆనింది. అదేమిటని అడిగేలోపే ఎదురుగా నీళ్ళు కనబడ్డాయి. రోడ్డు ఎక్కడా ఆగలేదు. మధ్యలో వేసిన తెల్లగీతతో సహా అలాగే నీళ్ళలోకి దిగిపోయింది.

పరదాలాయన బ్రేకు మీద నిలబడ్డాడు. చక్రాలు తిరగడం ఆగినా కారు జారడం ఆగలేదు. ముందు చక్రాలు నీళ్ళలో దిగాక, కింద ఏదో రాయి తగిలి టక్కున నిలిచింది. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. కాళ్ళ దగ్గరికి చల్లగా నీళ్ళొచ్చాయి.

"నేరుగా వెళ్ళండి" అంది పెట్టె.

ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగి, బురదలో జారుతూ గట్టెక్కారు. ఇంకా ఊపిరి అందలేదు, సాయం కోసం ఎవరూ నోరు తెరవలేదు, అప్పుడే ట్రాక్టరు చప్పుడు వినిపించింది. గట్టు మీద ఉన్న ఒంటరి ఇంటి పక్కనుంచి ఒక నడివయసు మనిషి నింపాదిగా ట్రాక్టరు నడుపుతూ వచ్చాడు. గొలుసు అప్పటికే వెనక కట్టి ఉంది.

"భయపడకండి. ఇది మామూలే" అన్నాడు మర్యాదగా.

అతను కారుని బయటికి లాగిన తీరు చూస్తే చెయ్యి తిరిగిన పనని తెలుస్తోంది. ఎక్కడ కొక్కెం తగిలించాలో వంగి చూడను కూడా లేదు. "నీళ్ళెక్కింది. కాసేపు ఆరనివ్వాలి. మా ఇంట్లో కూర్చోండి. ఆ తరవాత నాకు ఇవ్వాల్సింది మాట్లాడుకుందాం" అన్నాడు.

"దేవుడిలా వచ్చావయ్యా" అని చేతులెత్తింది అత్తగారు.

ఇంటి ముందు అతని భార్య మేకలకు ఆకు వేస్తోంది. రెండు చెంబులతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి, మళ్ళీ మేకల దగ్గరికి వెళ్ళిపోయింది. అత్తగారు చెంబు అందుకుని గటగటా తాగేసింది. కోడలు మాత్రం చెంబు ముట్టకుండా చుట్టూ చూసింది. గోడ వారగా కార్ల అద్దాలు, చక్రాల మూతలు, తడిసి ఉబ్బిన సీట్లు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య పసిబిడ్డల్ని కూర్చోబెట్టే చిన్న కుర్చీ ఒకటి, పట్టీలు తెగి, బోర్లా పడి ఉంది.

ఆమె లేచి నాలుగడుగులు వేసింది. మేకల దొడ్డికి తలుపుగా ఒక ఇనపరేకు బిగించి ఉంది. దాని మీద ఎర్రటి అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. మెడ వంచి చదివింది.

రోడ్డు లేదు. ముందు నీళ్ళు.

తల తిప్పితే మేకలావిడ ఆమెనే చూస్తోంది.

"చదివావా అమ్మా?" అంది మేకలావిడ, పెదాలు కదిలీ కదలకుండా.

"ఇది ఇక్కడెందుకుంది?"

"చదవలేదనుకో. కారు ఆరగానే వెళ్ళిపోండి."

"రోడ్డు తడిపేది కూడా ఆయనేనా?"

మేకలావిడ ఆకుల కట్ట విప్పుతూ, "మీ రాయి మంచిది, ఆపింది. రాయికి పక్కగా దిగితే లోతు. మొన్న ఒకళ్ళు పక్కగా దిగారు" అంది.

"వాళ్ళేమయ్యారు?"

ఆకుల కట్ట విప్పుతున్న చేతులు ఆగాయి.

అప్పుడే మలుపు అవతల ఇంకో బండి చప్పుడైంది. పరదాలాయనతో మాట్లాడుతున్న ట్రాక్టరతను మాట మధ్యలో ఆపి, చెవి అటు పెట్టి, చేతులు దులుపుకుని లేచాడు. కోడలు ఇక ఏమీ ఆలోచించలేదు. చెప్పులు జారిపోతున్నా వెనక్కి చూడకుండా పరుగెత్తి, పల్లం మొదట్లో రోడ్డుకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

తెల్లకారు మలుపు తిరిగి దూసుకొచ్చింది. కీచుమంటూ ఆమె మోకాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన తల బయటపెట్టి అరిచాడు. "పిచ్చి పట్టిందా? చావాలనుందా నీకు?"

"ముందు నీళ్ళున్నాయండీ. దారి లేదు."

"జీపీఎస్ చూపిస్తుంటే లేదంటావేంటి? తప్పుకో!"

"దిగి చూడండి. మీకు దణ్ణం పెడతా, ఒక్కసారి దిగి చూడండి."

విసుక్కుంటూ దిగి పదడుగులు వేశాడు. నీళ్ళు చూశాడు. తిరిగి వచ్చి కారు తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనక సీట్లో అతని కూతురు బొమ్మని వాటేసుకుని నిద్రపోతోంది.

ఈలోగా ట్రాక్టరతను బండి తీసి, వాళ్ళ వెనకగా వచ్చి, రోడ్డుకి అడ్డంగా ఆపాడు. అటు నీళ్ళు, ఇటు ట్రాక్టరు. ఇంజన్ ఆపకుండానే దిగాడు. మొహంలో కోపం లేదు. అదే కోడల్ని ఎక్కువ భయపెట్టింది.

"నా పొట్ట మీద ఎందుకమ్మా కొడతావు?" అన్నాడు.

"ఆ బోర్డు నువ్వే పీకావు."

"గాలికి పడింది. ఇనుము పాడైపోతుందని తలుపు చేసుకున్నా. తప్పా?"

"రోడ్డు మీద బురద కూడా గాలే పోసిందా?" అప్పటికి రొప్పుతూ అక్కడికి చేరిన అత్తగారు అడిగింది. "ఇందాక నిన్ను దేవుడన్నాను చూడు, నా నోరు పడిపోను!"

ట్రాక్టరతను ఆమెకేసి చూసి నవ్వాడు. "నేను తీసేవాణ్ణి పెద్దమ్మా, తోసేవాణ్ణి కాదు. మా ఊరు మొత్తం ఈ నీళ్ళ కిందే ఉంది. అప్పుడు మాకెవరూ అడ్డం నిలబడలేదు. మిమ్మల్ని ఇటు రమ్మన్నది నేనా? మీ పెట్టెలు."

పరదాలాయన ముందుకొచ్చాడు. పిట్టంత మనిషి, జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. గొంతు వణుకుతున్నా, "ట్రాక్టరు తియ్యి" అన్నాడు. కళ్ళద్దాలాయన వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. ట్రాక్టరతను కదల్లేదు. చేతిలోని గొలుసు కొసని మెల్లగా ఊపుతున్నాడు.

ఇంటివైపు నుంచి దబ్బుమని చప్పుడైంది. మేకలావిడ గునపంతో దొడ్డి తలుపు ఊడబెరికి నేల మీద పడేసింది. మేకలు బిలబిలా బయటికొచ్చి చెల్లాచెదురయ్యాయి. ఆవిడ వాటిని పట్టించుకోలేదు. ఆ రేకుని రెండు చేతులా ఈడ్చుకుంటూ, తారు మీద గీరుతూ, మొగుడి పక్కనుంచే నడిచి వచ్చి, ట్రాక్టరు అవతల, మలుపు దగ్గర, రెండు రాళ్ళ మధ్య నిలబెట్టింది. ఈసారి అక్షరాలు సరిగ్గా ఉన్నాయి.

ట్రాక్టరతను చాలాసేపు భార్య వీపుకేసి చూశాడు. తరవాత ట్రాక్టరెక్కి పక్కకు తీశాడు.

"పెట్టు, పెట్టు" అన్నాడు ఆవిడతో, అందరికీ వినబడేలా. "గాలి మళ్ళీ రాకపోతుందా!"

రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చిన దారినే బయటపడ్డాయి. పరదాలాయన కారు దారి పొడుగునా కుదుపులిస్తూనే ఉంది. పెట్టెని పీకి కోడలి ఒళ్ళో పడేశాడు. ఆమె దాని నోరు నొక్కేవరకూ అది వెనక్కి తిరగమంటూనే ఉంది. దార్లో పోలీసు ఠాణా కనబడితే ఆగి చెప్పారు. అక్కడున్న జవాను అంతా విని ఆవులించాడు. "నీళ్ళు మా పరిధిలోకి రావండీ. ఆనకట్ట వాళ్ళకి చెప్పుకోండి" అన్నాడు. కళ్ళద్దాలాయన వదల్లేదు. తాను ఆనకట్ట ఆఫీసుకి వెళ్ళి, ఆ రోడ్డు మూసేదాకా గుమ్మంలో కూర్చుంటానని, అన్నంత పనీ చేస్తానని చెప్పి విడిపోయాడు.

అతను మాట నిలబెట్టుకున్నాడని పరదాలు తగిలించడానికి వెళ్ళినప్పుడు తెలిసింది. ఆ రోజు ఎడమవైపు దారినే వెళ్ళారు. అతిథిగృహం మేడ మీద గదిలో పరదాలాయన నిచ్చెనెక్కి కడ్డీలు బిగిస్తుంటే, కోడలు కిటికీలోంచి చూసింది. దూరంగా అవతలి ఒడ్డున, నీళ్ళలోకి దిగే ఆ రోడ్డు సన్నని గీతలా కనబడుతోంది. దానికి అడ్డంగా సిమెంటు దిమ్మలు పోసి ఉన్నాయి. గట్టు మీది ఇంటికి తలుపుల్లేవు.

"వాళ్ళేమయ్యారు?" అని అక్కడే నిలబడ్డ అతిథిగృహం కాపలాదారుని అడిగింది.

"ఎవరూ, ట్రాక్టరతనా? వెళ్ళిపోయాడుగా. ఆవిడ మేకల్ని తోలుకుని పుట్టింటికి పోయిందట, అతనితో కాదు."

"మరి అతను?"

"ఎక్కడికి పోతాడండీ, ఈ నీళ్ళు వదిలి? దక్షిణం ఒడ్డున గుడిసె వేసుకున్నాడట. అటు కూడా పాత రోడ్డొకటి నీళ్ళలోకి పోతుంది. నాలుగైదున్నాయి లెండి అలాంటివి, చుట్టూరా."

కోడలి చేతిలోని పరదా కిందకి జారింది. "అక్కడ బోర్డుందా?"

కాపలాదారు బుర్ర గోక్కున్నాడు. "ఉండేదండీ. మొన్న గాలికి పడిపోయిందన్నారు."

నిచ్చెన మీద పరదాలాయన చెయ్యి ఆగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను కిందికి దిగాడు. సగం బిగించిన కడ్డీ గోడకు వేలాడుతుండగానే, ఇద్దరూ మెట్లు దిగి కారు దగ్గరికి పరుగెత్తారు.