రెప్ప కింది హోరు

చిన్న డాక్టరమ్మ, చిన్న డాక్టరమ్మ, ఈ వార్డులో ఎవరి నోట విన్నా అదే పాట, ఆ చిన్న డాక్టరమ్మకి కంటిలోపల ఏది ఎక్కడుంటుందో చేయి పట్టి నేర్పిందెవరు, సొంత అక్క కాదూ అనుకుంటూ పెద్ద డాక్టరమ్మ మెట్లెక్కుతోంది, బస్సు డ్రైవరు కన్ను ఎర్రబడిందని వస్తే చుక్కలు రాసింది తను, మళ్ళీ వచ్చేసరికి కన్ను కాస్త ముందుకు పొడుచుకొస్తే థైరాయిడన్నదీ తనే, ఎవరైనా అదే అంటారు, రక్తపరీక్షలో ఏమీ లేకపోతే ఒక్కోసారి అంతేలే అని సరిపెట్టుకుంది, నిన్న తను ఒక్క పూట సెలవు పెట్టిందో లేదో చెల్లెలు అతన్ని కూర్చోబెట్టి తలకేమైనా దెబ్బ తగిలిందా అని అడిగిందట, నెల కిందట స్టీరింగుకి కొట్టుకుందమ్మా, అప్పట్నుంచి తలలో ఒకటే హోరు అన్నాడట, ఆ ముక్క తనకెందుకు చెప్పలేదు, తను అడిగితేగా, మూసిన రెప్పమీద స్టెతస్కోపు పెట్టి నాడితోపాటు చప్పుడు వస్తోందని, కంటి వెనక రక్తనాళం చిట్లి పక్క నాళంలోకి నెత్తురు ఎగదన్నుతోందని రాసేసిందట, ఇవాళ మధ్యాహ్నమే స్కానింగట, అబ్బో.

మీ చెల్లెలి హస్తవాసి మంచిదమ్మా, ఎంత ఓపిగ్గా అడిగిందో అంటోంది డ్రైవరు భార్య, ఓపికట, బయట నలభైమంది కూర్చునుంటే ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది ఓపిక, ఏదీ కళ్ళు మూసుకోండి, రెప్పమీద ఆనించింది, ఏమీ లేదు, నిజంగా ఏమీ లేదు, ఒంట్లో తియ్యగా ఏదో పాకింది, సాయంత్రం అందరి ముందూ తొందరపడ్డావే చెల్లీ అని మెత్తగా అనొచ్చు, ఆ మొహం చిన్నబోవడం కళ్ళారా చూడొచ్చు, చీటీలో స్కానింగు కొట్టేద్దామని పెన్ను తీసింది, చిన్నమ్మగారు ఇంకొంచెం గట్టిగా ఆనించిందమ్మా, బాగున్న కన్ను తెరిచి పైకప్పు చూడమంది అంది భార్య, విసుగ్గా మళ్ళీ పెట్టింది, తెరవండి, పైకి చూడండి, ఊపిరి బిగబట్టండి, వచ్చింది, సుయ్ సుయ్ సుయ్‌మని, సన్నగా, తన వేళ్ళ కింద అతని నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో అంత వేగంగా.

ఉందా అమ్మా, ఉంది, చెల్లెలు రాసింది నిజమే, ఆలస్యం చేసింది నేను, మరి చూపు నిలుస్తుందా, ఇంకా వేళ మించిపోలేదు అంది, పెన్ను ఇంకా మూత తీసే ఉంది, ఈవిడ నోరు తెరవకపోతే ఈపాటికి గీత కొట్టేసేది, చేతకాక తప్పు చెయ్యడం వేరు, అది ఎవరికైనా జరుగుతుంది, కానీ ఇందాక తను వినడానికి వంగలేదు, వినబడకూడదని వంగింది, చెల్లెలు ఓడిపోతుందంటే ఈ మనిషి కన్ను పోయినా సరేననుకుంది, అరనిమిషం సేపు, సంతోషంగా అనుకుంది.