నిలిచి ఉన్నంతకాలం

మా ఇల్లు చిన్నది, దొడ్డి పెద్దది. రాజమండ్రిలో చూసినవాళ్ళంతా నవ్వేవారు, ఇంత స్థలం పెట్టుకుని ఆ కోళ్ళగూటిలో ఎలా ఉంటున్నారని. నవ్వేవాళ్ళకేం తెలుసు? చేపలు పట్టేవాళ్ళకి ఇల్లు పడుకోవడానికే. వలలు ఆరేయడానికీ, పడవ బాగుచేసుకోవడానికీ, చేపలు ఎండబెట్టడానికీ దొడ్డి కావాలి. మా మామ ముందు దొడ్డికి కంచె వేసుకుని, తర్వాత గుర్తొచ్చినట్టు ఓ మూల ఈ ఇల్లు వేశాడట. తాటాకు కప్పు, మట్టి మెత్తిన తడిక గోడలు, నడుం వంచితే గానీ దూరలేని గుమ్మం.

గోదావరి మీద రైలు వంతెన కట్టడం మొదలయ్యాక ఆ నవ్వులు ఆగిపోయాయి. ముందు బాట, వెనక రేవు, మధ్యలో మా దొడ్డి. ఏట్లో తేలివచ్చే దుంగల్ని తిన్నగా లోపలికి దొర్లించుకోవచ్చని ఓ కలప వర్తకుడి కన్ను దానిమీద పడింది. వర్తకుడి కన్ను పడగానే మా మరిది పల్లంరాజు కన్నూ పడింది.

నా పేరు లోవలక్ష్మి. మా ఆయన వరదల్లో పోయాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. నాకు పిల్లలు లేరు, పుట్టింటివైపు రమ్మనే దిక్కు లేదు. కర్మలు ముగిశాయో లేదో పల్లంరాజు వాటాలు తేల్చమని కూర్చున్నాడు. కులపెద్ద అందరిముందూ తేల్చాడు. పడవా, పడవ సామానూ, ముసలి తల్లీ పల్లంరాజు వాటాకి. ఇంట్లో ఉండే హక్కూ, దొడ్డిలో చేపలు ఎండబెట్టుకునే హక్కూ నావి, ఇల్లు నిలిచి ఉన్నంతకాలం. పడిపోతే మళ్ళీ కట్టకూడదు. అప్పుడు స్థలమంతా పల్లంరాజుదే.

నిలిచి ఉన్నంతకాలం అన్న మాట ఆ రోజు నా చెవికి దయగానే వినబడింది. నా తెలివి అలాంటిది.

మా అత్త చిట్టెమ్మ, తనని కూడా పడవతోపాటు పంచేస్తుంటే నోరెత్తలేదు. కొడుకుని నేనే మింగేశానని ఆవిడ నమ్మకం. బట్టల మూట చంకన పెట్టుకుని పల్లంరాజు వెనకే వెళ్ళిపోయింది. అప్పటినుంచీ రేవులో ఎదురుపడినా మొహం తిప్పుకునేది. నేనూ తక్కువ తిన్నానా, నేనూ తిప్పుకునేదాన్ని.

వాటాలు తేలాక వచ్చిన మరో వరదకి పడమటి గోడ గుంజలు మొదళ్ళలో చీకిపోయి, గోడ ఇంటి లోపలికి వాలింది. పడవ తెరచాప కొయ్య మా చూరు కిందే పడి ఉండేది. దాన్ని ఈడ్చుకొచ్చి లోపలినుంచి గోడకి ఊత పెట్టాను. గోడ ఆగింది. ఆ కొయ్య ఎవరిదన్నది నాకు తోచలేదు. పల్లంరాజుకి తోచింది.

వెళ్ళి కులపెద్ద దగ్గర మొర పెట్టుకున్నాడు. ఆ ఇల్లు ఎప్పుడో పడిపోయిందని, పడినట్టు కనబడకుండా వదిన నాటకం ఆడుతోందని. పెద్ద ఓ మబ్బు పట్టిన పొద్దున వడ్రంగి వీరబ్రహ్మాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు, ఇల్లూ స్థలమూ చూసి చెప్పమని. అత్త కూడా వచ్చి దొడ్డి చివర పాత వలల కుప్పమీద కూర్చుంది. నా కొంప కూలుతుంటే చూడ్డానికి వచ్చిందనుకున్నాను.

వీరబ్రహ్మం కంచె వెంబడి తిరిగాడు, రేవు దాకా వెళ్ళి వచ్చాడు, చివరికి ఇంటి ముందు ఆగాడు.

"స్థలానికి వంక పెట్టడానికి లేదండి. అడిగినంత ఇస్తారు. ఇంటికైతే వెల కట్టడానికేం లేదు. ఆ వెదుళ్ళు పొయ్యిలోకి పనికొస్తాయంతే."

"వెల సంగతి కాదండి ఆచారిగారూ. ఇల్లు నిలబడి ఉన్నట్టా, పడిపోయినట్టా? అది తేల్చండి," అన్నాడు పెద్ద.

పల్లంరాజు ముందుకొచ్చాడు. "నిలబడింది నా కొయ్యమీద పెద్దయ్యా. పడవ సామాను నా వాటా అని మీరే చెప్పారు. నా కొయ్య నేను పట్టుకుపోతాను. అప్పుడు చూడండి, నిలబడుద్దో లేదో."

"అది మీ అన్న కొయ్యరా పల్లంరాజూ! నీకు చేతులెలా వస్తాయిరా?" అని అరిచాను.

"అన్నదైతే అన్నతోపాటే పోవాల్సింది కదా ఒదినా," అన్నాడు.

పెద్ద కాళ్ళమీద పడ్డాను. నన్ను వెళ్ళగొడితే ఎక్కడ ఎండబెట్టుకోను, ఏం అమ్ముకు తినను అని ఏడ్చాను. ఆయన తల వంచుకుని, "ఇచ్చిన మాట మాటే లోవలక్ష్మీ. కొయ్య ఆడిదే," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని తేలికపడేదాన్ని.

పల్లంరాజు ఇద్దరు కుర్రాళ్ళతో లోపలికి వెళ్ళి కొయ్య లాగేశాడు. గోడ కిర్రుమంది. మట్టి రాలింది. గోడ మాత్రం పడలేదు. వాడి మొహం చూసి నాకు కాస్త ప్రాణం లేచివచ్చింది. దానికే నాకు ఎంత సంతోషమో! లోపల నా కుండలు సర్దుకుంటానని గుమ్మంలో దూరాను.

దూరానో లేదో గోడ కదిలింది. పైనున్న తాటాకులు గలగలలాడాయి. నేనేం ఆలోచించలేదు, వెళ్ళి వీపు ఆనించేశాను. మడమలు నేలకి బిగించాను. నాకంటే ముందు ఆ గోడ వెనక్కి తగ్గాలని దేవుణ్ణి కాదు, గోడనే బతిమాలుకున్నాను.

బయట వీరబ్రహ్మం ఒక్కో గోడనీ అరచేత్తో నొక్కి చూసుకుంటూ వస్తున్నాడు. తూర్పు గోడ బాగుందన్నాడు. ఉత్తరం గోడ ఫరవాలేదన్నాడు. తర్వాత అతని చెయ్యి సరిగ్గా నా వీపు వెనకే పడింది. తడికలోంచి ఆ ఒత్తిడి నాకు తెలిసింది. పళ్ళు బిగించి ఎదురు నెట్టాను. చెయ్యి ఆగింది. మళ్ళీ నొక్కింది, ఈసారి కాస్త మెల్లగా. నేనూ మళ్ళీ నెట్టాను. అతనికి ఏం అర్థమయిందో నాకిప్పటికీ తెలియదు.

"ఈ గోడా నిలిచే ఉందండి," అన్నాడు బయటినుంచి.

"అయితే తీరిపోయింది. ఇద్దరూ వచ్చి దొడ్డిమట్టి చేత్తో పట్టుకుని ఒప్పుకున్నామనండి," అన్నాడు పెద్ద. మాలో తీర్పు అయ్యాక అదీ ఆనవాయితీ. మట్టి పట్టనివాళ్ళు తీర్పు ఒప్పుకోనట్టే.

కదిలితే ఇల్లు పోతుంది. కదలకపోతే తీర్పు పోతుంది.

"కాలు పట్టేసింది పెద్దయ్యా, కాస్త ఆగండి!" అని కేకేశాను.

పల్లంరాజు నవ్వు వినబడింది. "కాలు కాదు పెద్దయ్యా, వీపు పట్టేసి ఉంటది. ఒదినని బయటికి రమ్మనండి, ఇల్లు ఎంతసేపు నిలబడుద్దో చూద్దాం."

"బయటికి రా లోవలక్ష్మీ," అన్నాడు పెద్ద. గొంతు మారింది.

కళ్ళు మూసుకున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను. ఎవరినైనా పిలుద్దామంటే పిలవడానికి నాకు ఒక్క పేరు తోచలేదు. పోయిన మనిషి పేరే వచ్చింది నోట్లోకి.

"అమ్మా, నువ్వెక్కడికే?" అన్నాడు బయట పల్లంరాజు.

"దాహమేస్తంది. నీళ్ళు తాగొస్తా."

కళ్ళు తెరిచేసరికి అత్త గుమ్మంలో వంగి లోపలికి వస్తోంది. నన్ను చూసింది, గోడని చూసింది. వచ్చి నా పక్కన తన వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టి గోడని పట్టుకుంది.

"ఎల్లు. మట్టి పట్టుకో," అంది.

"అత్తా, నువ్వు ఆపలేవు."

"ఈ తడిక మీ మాయ్య అల్లితే మట్టి మెత్తింది నేను. దీని బరువు నాకు తెలవదా? కొయ్య ఆడి వాటాయే. నేను ఆడి వాటా కాదు. ఎల్లవే!"

వెళ్ళాను. ఎండిన మట్టి గుప్పిట నిండా తీసుకుని ఒప్పుకున్నానన్నాను. మాట సరిగ్గా రాలేదు. పెద్ద మళ్ళీ అనమంటే మళ్ళీ అన్నాను. పల్లంరాజు మట్టి పట్టలేదు. పడమటి గోడ దగ్గరికి వెళ్ళి, నెట్టడానికి రెండు చేతులూ పైకెత్తాడు.

అప్పుడు ఆగి, చుట్టూ చూశాడు. "అమ్మ ఏది?"

"లోపలుంది. నీళ్ళు తాగుతోంది," అన్నాను.

వాడు నన్ను చూశాడు. గోడని చూశాడు. ఎంత దుర్మార్గుడైనా కొడుకే కదా. చేతులు దించేశాడు. వంగి చిటికెడు మట్టి తీసి, ఒప్పుకున్నానని గొణిగి, కొయ్య భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళంతా కంచె దాటుతుండగానే చినుకులు మొదలయ్యాయి. లోపలికి పరుగెత్తాను.

"అయిపోయింది అత్తా. ఇవతలికి రా."

"వస్తే పడిపోద్దే. వాన గాని పడతందా?"

"పడుతోంది."

ఆ వానలోనే దొడ్డంతా వెతికాను. ఊత పెట్టడానికి పనికొచ్చే కర్ర ఒక్కటి లేదు. కంచె అవతల వర్తకుడి దుంగలు కొండలా పడి ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్నీ నేను కదపలేను, అడిగితే ఇచ్చేవాడూ కాదు. తెల్లారాక ఎవరి కాళ్ళు పట్టుకుని తాటిదూలం తేవాలో తెలియలేదు. తడి గోడ అంతదాకా ఆగుతుందో లేదో అసలే తెలియలేదు. తిరిగొచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాను. మా వీపుల వెనక మట్టి మెత్తబడుతోంది.

"ఇద్దరం నిలబడితే ఒండేదెవరు?" అంది అత్త. "నువ్వు ఒండు. నేను తిన్నాక పడుకుంటా, అప్పుడు నువ్వు పట్టుకుందువుగాని."

పొయ్యి వెలిగించాను. గంజీ, ఎండుచేపా చేశాను. ఆవిడ చేతులు రెండూ గోడకే ఉన్నాయి. అందుకని పక్కన నిలబడి నేనే నోటికి అందించాను. ఆవిడ నమిలి, మింగి, మొహం చిట్లించుకుంది.

"ఉప్పు తక్కువేసేవు. నీకు ఎప్పుడూ ఇంతే," అంది.

అత్త సాధింపు విని నేను అంతలా ఏడ్చింది మళ్ళీ ఎప్పుడూ లేదు.