నాలుగోసారి పెట్టను

గిన్నెలు తోముతూ, ఆయన ఏమంటారో ముందే అనుకున్నాను. "నా కళ్ళజోడు చూశావా?" అదే అన్నారు. వెనకాలే అత్తగారు వేడినీళ్ళడుగుతారనుకున్నాను. అడిగారు. మా ఇంట్లో నా ఊహ తప్పిన రోజు లేదు.

ఇది ఉద్యోగం వల్ల అబ్బిన రోగం. వేరే దేశాల నుంచి బతకడానికొచ్చినవాళ్ళకి ఇక్కడి భాష చెవికెక్కించడం నా పని. రికార్డింగు పెట్టేముందు, "ఇది డాక్టరు గదిలో మాట. ఏమేం అడుగుతాడు? ఊహించండి" అంటాను. విన్నాక, ఊహ ఎక్కడ తప్పింది, మనసు ఎక్కడ జారిపోయింది, పక్కవాళ్ళతో చెప్పుకోమంటాను. మళ్ళీ వినిపిస్తాను. మొత్తం మూడుసార్లే. నాలుగోసారి చచ్చినా పెట్టను. పెడతానని తెలిస్తే మొదటిసారి ఎవరు వింటారు? మొన్న కుట్టుపని చేసుకునే ఒకావిడ, "ఒక్క మాట పోతే కంగారుపడి మిగతాదంతా వదిలేసేదాన్ని మేడమ్. ఇప్పుడు దేనికోసం వింటున్నానో ముందే అనుకుంటున్నా. మా బాబు వాళ్ళ టీచరు చెప్పింది పట్టేశా!" అంది. ఎంత సంతోషం వేసిందో! "మీ ఇంట్లో అందరూ మీ మాట బాగా వింటారు కదూ?" అని కూడా అడిగింది. ఆ, వింటారన్నాను.

సోమవారం నుంచి సాయంత్రం క్లాసులన్నీ నన్నే చూసుకోమన్నారు. మిగతా టీచర్లూ నా పద్ధతిలోనే చెప్పాలట. ఇంట్లో చెప్పాను. మొదటిసారి ఆయన ఫోను చూస్తూ "ఊఁ" అన్నారు. రెండోసారి భోజనం దగ్గర చెప్తే, "మంచిదే. నా నీలం చొక్కా ఇస్త్రీకిచ్చావా?" అన్నారు. మూడోసారి టీవీ కట్టేసి ఎదురుగా నిలబడ్డాను. రాత్రి వంట మీరే, అత్తయ్యగారి మాత్రలూ మీరే అన్నాను. "సరేలే, వింటూనే ఉన్నాగా" అని మళ్ళీ టీవీ పెట్టుకున్నారు. ఒళ్ళు మండింది. కానీ తప్పెవరిది? పెళ్ళైన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నేను నాలుగోసారీ పదోసారీ మోగుతూనే ఉన్నాను.

సోమవారం సాయంత్రం చెప్పులేసుకుంటుంటే ఆయన వచ్చారు. "ఇప్పుడెక్కడికి? వంటో?"

జవాబు నోటిదాకా వచ్చింది. రెండో చెప్పూ వేసుకున్నాను.

"మూడుసార్లయింది. మీకేం గుర్తుందో మీరే చూసుకోండి."

ఇక అత్తగారు, వాడికి ఇంకోసారి చెప్తే నీ సొమ్మేం పోయిందమ్మా అంటారు. అనుకుంటూనే మెట్లు దిగాను. పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, ఏం చెప్పిందే అది?"

"నేను మొదటిసారే విన్నాన్రా" అన్నారావిడ. "నేనూ చెప్పను."