సాయంత్రం ఖాళీ

బుల్లి చేసిన వెబ్ పేజీ చూడ్డానికి ముచ్చటగా ఉండేది. బావ పనిచేసే ఆసుపత్రి ఫోన్ల విభాగంలో ఎవరి డ్యూటీ వాళ్లు ఎంచుకోవడానికి చేసింది. ఖాళీ గడి ఆకుపచ్చ, నిండిన గడి బూడిదరంగు. చూపు లేని బావకి ఆకుపచ్చేమిటి, బూడిదేమిటి? ఆ బుద్ధి చేసేటప్పుడే ఉండాలి. లేకపోయింది. దాంతో వారం వారం అక్కే పక్కన కూర్చుని, "సాయంత్రాలు నిండిపోయాయండీ, పొద్దుటివే ఉన్నాయి" అని నొక్కేసేది.

"పొద్దున ఫోన్ చేసేవాళ్లకి డాక్టరెప్పుడొస్తాడో చెబితే చాలు. సాయంత్రం చేసేవాళ్లకి మనిషి కావాలి. ఆ పని నాకొచ్చు" అనేవాడు బావ. ఇలాగే సాగితే ఉద్యోగం మానేస్తానని ఈమధ్య అంటున్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి బుల్లి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆదివారం అక్కావాళ్లింటికి వచ్చిపడి, గడులన్నిటికీ 'బటన్' అని పేరు తగిలించి బావ ముందు పెట్టింది. తెరమీదున్నది పైకి చదివే గొంతు "బటన్, బటన్" అంది. బావ ఎంటర్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఏమ్మా ఇంజినీరూ, బటనంటుంది గానీ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏ రోజుదో కూడా చెప్పదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని నవ్వి, స్నానానికి వెళ్లాడు.

బుల్లికి సిగ్గేసింది. బటన్ల వేషం కట్టినవన్నీ పీకేసి అసలు బటన్లే పెట్టింది. గడులన్నిటినీ సిసలైన పట్టికలోకి మార్చి, రోజుకీ పూటకీ శీర్షికలు కట్టింది. మధ్యలో లేచింది, నీళ్లు తాగింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చివరికి కళ్లు మూసుకుని తానే విన్నది.

"సోమవారం, సాయంత్రం, ఖాళీ, బటన్. మంగళవారం, సాయంత్రం, ఖాళీ, బటన్."

పాత వారాలు తీసింది. అవీ అంతే, సాయంత్రాలు ఖాళీ.

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"పాత పేజీయే ఉండనివ్వవే" అంది అక్క, మెల్లగా.

"ఆయనతో అబద్ధమెందుకాడావు?"

"చీకటిపడ్డాక ఆ రోడ్డు దాటుకుని ఒక్కడూ వస్తుంటే, ఇంట్లో కూర్చుని నేనెలా ఉండాలి? నీకేం, పేజీ చేసి పోతావు."

బుల్లికి కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా డ్యూటీ బావది. ఆయన తల తుడుచుకుంటూ రాగానే, "ఇప్పుడు వినండి బావా" అంది.

బావ మీటలు కదిపాడు. ఒక్కో రోజూ విన్నాడు. వెనక్కి పోయి కిందటి వారం విన్నాడు. అంతకు ముందు వారం విన్నాడు. బుల్లి గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. తర్వాత ఆయన వచ్చే వారానికి తిరిగొచ్చి, సాయంత్రాలు ఒక్కొక్కటే నొక్కాడు. నొక్కినప్పుడల్లా "ఎంచుకున్నారు" అంది గొంతు.

"బస్సు దిగేచోటికి నేనొస్తానండీ" అంది అక్క.

"వద్దు" అన్నాడు బావ. లాప్‌టాప్ మూసి, ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"భయమేస్తోందని ఒక్క మాట చెప్పుంటే, పొద్దుటివే నొక్కమని నేనే అనేవాణ్ణి కదా."