ప్రేమ వాటా

పెయింట్ల షాపు ఆయనను చర్చిలో అందరూ రంగులాయన అనే పిలిచేవారు. గిరాకీ గుడ్డముక్క ఒకటి చూపిస్తే చాలు, ఏ డబ్బాలో ఏ రంగు ఎన్ని చుక్కలు వేస్తే ఆ ఛాయ వస్తుందో ఠకీమని చెప్పేసేవాడు. మనుషుల సంగతి కూడా తనకు అంతే కచ్చితంగా తెలుసని ఆయన నమ్మకం. చర్చి పెద్దగా పదేళ్ళ నుంచి ఉంటున్నాడు కనుక ఆ నమ్మకాన్ని ఎవరూ కదిలించలేదు. ఇంట్లో ఉన్న అక్క మాత్రం రోజూ కాస్త కదిలిస్తూనే ఉండేది. ఆవిడ పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైంది. తమ్ముడి భార్య పోయాక వచ్చి ఇల్లు చక్కబెట్టింది, దాంతోపాటు తమ్ముణ్ణి కూడా.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు సంగతి చెప్పారు. మునిసిపాలిటీ వాళ్ళు ఇంటిపన్ను కొంచెం పెంచి, ఆ డబ్బుతో పేదలకు ఒక పూట భోజనశాల తెరవాలనుకుంటున్నారట. ఆరు వారాల తర్వాత జనం అభిప్రాయం వింటారట. మన తరఫున ఏం చెబుదాం?

రంగులాయన లేచి నిలబడ్డాడు.

"దయ అనేది గుండెలోంచి రావాలి. జేబులో చెయ్యి పెట్టి లాక్కునేది దయ ఎలా అవుతుంది? నా డబ్బు నేను పేదవాడికిస్తే అది ప్రేమ. నా డబ్బు గుంజుకుని ఇంకొకడు పంచితే వాడికి ఓట్లు, నాకు నోటీసు! దేవుడు మనల్ని ఇమ్మన్నాడు గానీ, పక్కింటివాడి చేత ఇప్పించమనలేదు."

హాలంతా "ఆమెన్" అని మోగిపోయింది. అందరికంటే గట్టిగా అన్నది మొదటి వరుసలో కూర్చున్న పళ్ళ డాక్టరు. వెనక బెంచీలోంచి ఒక నర్సు మాత్రం లేచి, "ఆకలితో ఉన్నవాడు పళ్ళెం ఎవరు పెట్టారని అడగడు కదండీ" అంది.

"వాడు అడగడమ్మా, దేవుడు అడుగుతాడు" అన్నాడు రంగులాయన. మళ్ళీ ఆమెన్లు.

పాస్టరుగారు నెమ్మదస్తుడే గానీ, గడుసువాడు. "అయితే ఒక పని చేద్దాం. ఈ ఆరు వారాలూ బుధవారం, శుక్రవారం మన హాల్లోనే భోజనం పెడదాం. పన్నుతో పనిలేకుండా ప్రేమతోనే జరుగుతుందని పెద్దాయన మునిసిపాలిటీలో ధైర్యంగా చెప్పొచ్చు. బాధ్యత కూడా ఆయనే చూసుకుంటారు" అన్నారు.

ఇంటికెళ్ళే దారిలో అక్క, "మాటలు కోటలు దాటించావు తమ్ముడూ. ఇక బుధవారం కాలు గడప దాటించు" అంది.

మొదటి వారం పండగే అయింది. చర్చికొచ్చే అరవై రెండు ఇళ్ళలో అరవై ఇళ్ళవాళ్ళు కూరగాయలో, బియ్యమో, రొట్టెలో, ఏదో ఒకటి పట్టుకొచ్చారు. పళ్ళ డాక్టరుగారు వంటవాళ్ళతో నిలబడి ఫొటో కూడా దిగారు. నలభై మంది తినడానికి వచ్చారు. ఆకలి కడుపుకే కాదు, ఆత్మకూ ఉంటుందని రంగులాయన భోజనానికి ముందు అరగంట వాక్యం చెప్పే ఏర్పాటు చేశాడు. చెప్పేది తనే.

వచ్చినవాళ్ళలో ఇస్త్రీ ఆవిడ ఒకతె. ఆవిరి చిమ్మే పెద్ద లాండ్రీలో పాతికేళ్ళు బట్టలు మడిచి, మిషన్లో కుడిచేతి వేళ్ళు రెండు నలిగి పని పోగొట్టుకుంది. రంగులాయన ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగినా, ఆవిడ "ఆమెన్" అనేది. ఆ భక్తికి ఆయన పొంగిపోయాడు. ఆమెన్ అంటే ప్రసంగం ముగుస్తుందని ఆవిడ ఆశ. అది అక్కకు తెలుసు, కానీ తమ్ముడికి చెప్పలేదు.

మూడో వారానికి ఆరంభశూరత్వం బయటపడింది. ఒకరోజు వాన, ఒకరోజు పెళ్ళి, ఒకరోజు పిల్లల పరీక్షలు. వచ్చిన సరుకు చూస్తే, గడువు దాటిన బిస్కెట్లు, చక్రం ఊడిన సూట్‌కేసు, ఎడమకాలి చెప్పులు మూడు. తినేవాళ్ళు మాత్రం నలభై నుంచి డెబ్భై అయ్యారు. లోటంతా షాపు గల్లాలోంచి పూడుస్తూ రంగులాయన కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యాడు.

నాలుగో వారం ఆయన కూర్చుని ఒక జాబితా తయారుచేశాడు. ఇంటింటి పేరు, వాళ్ళ స్తోమతను బట్టి వాటా. రెండంతస్తులవాళ్ళకు ఎక్కువ, అద్దె గదుల్లోవాళ్ళకు తక్కువ. శనివారంలోగా అందాలి. ఇవ్వనివాళ్ళ పేర్లు ఆదివారం చదవబడును. పైన పెద్ద అక్షరాలతో 'ప్రేమ వాటా' అని రాసి, చర్చి తలుపుకు అంటించాడు.

సోమవారం పొద్దున్నే పళ్ళ డాక్టరు షాపులోకి వచ్చాడు. రంగులాయన డబ్బా ఒకటి మిషన్లో పెట్టి గిలకొట్టిస్తున్నాడు. ఆ చప్పుడు ఆగేదాకా డాక్టరు పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది, నా పేరు చదివారు నిన్న?"

"మీ వాటా రాలేదు కదా డాక్టరుగారూ."

"వాటా ఏమిటి? ఆస్తిని బట్టి లెక్కగట్టి, గడువు పెట్టి, ఇవ్వకపోతే పరువు తీసేదాన్ని ఏమంటారో తెలుసా మీకు? పన్నంటారు!"

"పన్ను కాదండీ. ప్రేమ వాటా. రాసి ఉంది కదా."

"మునిసిపాలిటీవాళ్ళు నయం. నోటీసు కవర్లో పెట్టి పంపుతారు. మైకులో చదవరు!"

డాక్టరు వెళ్ళిపోయాక రంగులాయన డబ్బా మూత తీశాడు. లేత పసుపు అడిగితే నారింజ వచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

ఐదో వారం ఇస్త్రీ ఆవిడ రాలేదు. అంత భక్తురాలు మానేసిందంటే జబ్బే చేసి ఉంటుందని, రంగులాయన క్యాను నిండా సూపు పోయించుకుని ఆవిడ గది వెతుక్కుంటూ వెళ్ళాడు. లాండ్రీ వెనక సందు, మూడో అంతస్తు, మెట్ల మీద దీపం లేదు. ఆవిడ నిక్షేపంలా ఉంది. కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో బఠాణీలు వలుస్తోంది.

"ఒంట్లో బాలేదేమో అనుకున్నానమ్మా."

"బాగానే ఉందండీ. చెయ్యి పోయినందుకు ప్రభుత్వం పింఛను మంజూరైంది. మొన్నే చేతికొచ్చింది. ఇక ఇంట్లోనే వండుకుంటున్నా."

రంగులాయన ముఖం మాడింది. "అది జనం దగ్గర బలవంతంగా వసూలు చేసిన డబ్బు కదమ్మా. అందులో ప్రేమ ఎక్కడుంది?"

"అందులో మీది కూడా ఉందా అండీ?" అని ఆవిడ ఆశ్చర్యంగా అడిగింది. "అయితే మీకు చాలా చాలా దండాలు."

ఆవిడ టీ పెట్టి ఇచ్చింది.

"పోనీ, మా భోజనం బాగోలేదా?"

"అబ్బే, భోజనానికేం, అమృతం." ఆవిడ బఠాణీల గిన్నె పక్కన పెట్టింది. "తప్పుగా అనుకోకండి. ఆ పింఛను గుమాస్తా ఉన్నాడే, వాడి మొహం చూస్తే పాలు విరుగుతాయి. కానీ వాడు నన్ను నవ్వమనడు. సంతకం పెట్టు, ఫో అంటాడు. మీ దగ్గరయితే వడ్డించే ప్రతి ఒక్కరూ నా మొహంలోకే చూస్తారు, సంతోషించానా లేదా అని. తిన్నంతసేపూ నవ్వి నవ్వి దవడలు లాగేస్తాయండీ. అలాగని మూసేయకండేం. నాతోపాటు వచ్చేవాళ్ళలో సగంమందికి పింఛనూ లేదు, ఏమీ లేదు."

సూపు క్యాను ఆవిడకే వదిలేసి ఆయన మెట్లు దిగాడు. ఇంట్లో జరిగింది చెబితే అక్క నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. "ముప్పై రెండేళ్ళు కౌంటరు వెనక కూర్చుని మనియార్డర్లు ఇచ్చాను. ఒక్కరు కూడా నాకు థాంక్సు చెప్పలేదు. నాకది ఎంత హాయిగా ఉండేదో" అంది.

అభిప్రాయాలు వినే రోజున మునిసిపాలిటీ హాలు కిక్కిరిసింది. చర్చివాళ్ళంతా ముందు వరుసల్లో కూర్చున్నారు. రంగులాయన జేబులో ప్రసంగం కాగితం ఉంది, మొదటి వాక్యం కంఠతా వచ్చు. అది అప్పజెప్పాడు. చప్పట్లు పడ్డాయి. అప్పుడు చైర్మను కళ్ళజోడు పైకి తోసుకుని మర్యాదగానే అడిగాడు.

"మీరు ఆరు వారాలు నడిపారని విన్నాం. సంతోషం. జనం ఇష్టపడి ఇచ్చిందే సరిపోయిందా?"

సరిపోయిందంటే అబద్ధం. అబద్ధం పాపమని పోయిన శుక్రవారమే అరగంట చెప్పాడు. సరిపోలేదంటే చర్చి పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మొదటి వారం అరవై ఇళ్ళు ఇచ్చాయండీ" అన్నాడు చివరికి. "ఈ వారం పదకొండు. ఆ పదకొండు కూడా నేను పేర్లు చదివాక ఇచ్చినవి. దయను బలవంతం చెయ్యకూడదని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ నేను చేసింది బలవంతమే. అదీ సరిగ్గా చెయ్యలేకపోయాను. మీకైతే అలవాటున్న పని కదా."

హాలంతా నవ్వింది. ముందు వరుసలు తప్ప.

మునిసిపాలిటీ సభ్యుల్లో ఒక్క ఓటు తేడాతో భోజనశాల నెగ్గింది. మరుసటి ఆదివారం చర్చిలో రంగులాయనను పెద్దరికం నుంచి తప్పించారు. తిట్టలేదు, విశ్రాంతి అవసరమన్నారు. ఆయన స్థానంలో పళ్ళ డాక్టరును ఎన్నుకున్నారు. మునిసిపాలిటీకి వంటిల్లున్న హాలు కావలసి వచ్చి, ఊళ్ళో అలాంటిది చర్చిదొక్కటే కనిపించడంతో, ఆ నెలలోనే అద్దె ఒప్పందం కుదిరింది. చర్చి తరఫున సంతకం పెట్టింది డాక్టరుగారు. పన్ను డబ్బుతో వచ్చే ఆ అద్దెను ఆయన ప్రార్థనలో దైవకృప అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

భోజనశాల తెరిచిన రోజు రంగులాయన అలవాటుగా చేతులు కడుక్కుని గరిటె అందుకోబోయాడు. తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న కుర్ర గుమాస్తా ఆపాడు. వడ్డించాలంటే ఫారం నింపాలట.

ఆయన బల్ల మీదకు వంగి పేరు, వయసు, చిరునామా రాశాడు. చివరి గడి దగ్గర ఆగిపోయాడు. 'సేవ చేయదలచిన కారణం.' ఆరు వారాల కిందటైతే వెనకవైపు కూడా నింపి, ఇంకో కాగితం అడిగేవాడు.

"ఇది వదిలేయొచ్చా బాబూ?"

"వదలకూడదండీ. ఏదో ఒకటి రాయండి. వెనక లైనుంది."

ఆయన కాసేపు కలం నోట్లో పెట్టుకుని, 'మధ్యాహ్నం షాపులో గిరాకీ ఉండదు' అని రాశాడు. గుమాస్తా చదవకుండానే ముద్ర కొట్టి, లోపలికి వెళ్ళమని చెయ్యి ఊపాడు.