అరవడం రాని తుపాకీ

నేను ఒక తుపాకీని. కాకపోతే అరవడం రాని తుపాకీని. నా జాతివాళ్ళు పేలితే కొండలు మారుమోగుతాయి, చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. నేను పేలితే పక్కగదిలో ఎవరో లావుపాటి పుస్తకం మూసినట్టుంటుంది, అంతే. నా గొట్టం చుట్టూ ఒక తొడుగుంది. పేలుడు పొగ దాని లోపలి గదుల్లో తిరిగి తిరిగి, అలిసిపోయి బయటికొస్తుంది. నా గుండు బరువైనది, నిదానంగా వెళుతుంది. చాటున మాటు వేసి, గుట్టుగా పని ముగించుకోవాలనుకునే వాళ్ళ కోసం నన్ను చేశారు.

పుట్టింది రష్యాలో. వేరా అనే ఫిట్టరమ్మ నా భాగాలన్నీ కూర్చి, బోల్టు లాగి, చెవి దగ్గర పెట్టుకుని వింది. "మాటకారివి కాదు, మంచిదే" అని గొణిగింది. మనుషులు తమ బిడ్డలకు మాటలు ఎప్పుడొస్తాయా అని మొక్కుకుంటారు. నన్ను మాత్రం మాట రానందుకే మెచ్చుకున్నారు.

అక్కణ్ణుంచి మంచుకొండల్లో అర్కాదీ అనే సైనికుడి చేతికి వెళ్ళాను. అతను నన్ను ముక్కలుగా విడదీసి, తన ఉన్ని మేజోళ్ళలో చుట్టి, పెట్టెలో సర్దేవాడు. అతని చేతుల్లో నేను చేసిన పనుల గురించి చెప్పను. అతనూ ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నన్ను గిడ్డంగిలో అప్పగించి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ గిడ్డంగిలో నాకు పిచ్చెక్కినంత పనయింది. కత్తిని గోడకు తగిలిస్తే తుప్పైనా పడుతుంది. నాకు నూనె పూసి తుప్పు కూడా పట్టనివ్వలేదు. నా లోపలి స్ప్రింగు బిగుసుకోవాలని, వదులవ్వాలని ఒకటే కొట్టుకునేది.

చివరికి ఒక అమ్మకందారు నన్ను నమూనాగా విమానమెక్కించాడు. పెట్టె తెరిచేసరికి తూర్పు కనుమల అంచున, ఒక ప్రత్యేక పోలీసు దళం శిబిరంలో ఉన్నాను. ఆ దళానికి డీఎస్పీ గ్లాడ్‌స్టన్ గారు పెద్ద. నన్ను చూడగానే ఆయనకు పెళ్ళికూతురు నచ్చినట్టయింది. "మంచీ చెడూ తేల్చు తవిటయ్యా. బాగుంటే దళమంతటికీ తెప్పిద్దాం" అని నన్ను రిజర్వు ఎస్సై ముద్దాడ తవిటయ్య చేతిలో పెట్టాడు.

తవిటయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. దళంలో గురికి అతన్ని మించినవాడు లేడు. అయితే ఏళ్ళ తరబడి పెద్ద తుపాకులు పేల్చి పేల్చి అతని కుడిచెవిలో కీచురాయి కాపురం పెట్టింది. అది రేయింబవళ్ళు రొద పెడుతూనే ఉంటుంది. మొదటిరోజు నన్ను పేల్చాక అతను చెవి మీద అరచెయ్యి పెట్టి, తీసి చూశాడు.

"ఏటన్నా, ఏటయింది?" అన్నాడు పక్కనే దుర్భిణి పట్టుకున్న కానిస్టేబుల్ పైడిరాజు.

"ఏటీ అవలేదురా. అదే వింత" అన్నాడు తవిటయ్య నవ్వుతూ.

ఆ నవ్వుతో నేనతని మనిషినైపోయాను. బురదలో ముంచాడు, పేలాను. వానలో నానబెట్టాడు, పేలాను. దగ్గర గురుల మీద రంధ్రం పక్కన రంధ్రం పెట్టి చూపించాను. దూరం జరిపినకొద్దీ మాత్రం నా గుండు జారిపోయేది, విసిరిన రాయి నేలకు వాలినట్టు. తవిటయ్య తిట్టలేదు. కళ్ళు చిన్నవి చేసుకుని చూశాడంతే. ఆ చూపు నాకు గుచ్చుకుంది.

పరీక్షలు ఇంకా పూర్తి కాకుండానే కబురొచ్చింది. గంజాయి ముఠావాళ్ళు ముగ్గురు, చెక్‌పోస్టులో తమను ఆపిన ఫారెస్టు బీట్ ఆఫీసరు కిల్లో సుందరి అనే అమ్మాయిని ఎత్తుకుపోయి, రిజర్వాయరు ఒడ్డున పాడుబడిన గెస్ట్‌హౌస్‌లో దాక్కున్నారు. ఆమెను అడ్డం పెట్టుకుని జీపులో రాష్ట్రం దాటాలని వాళ్ళ ఎత్తు. గ్లాడ్‌స్టన్ గారు మనుషుల్ని తీసుకుని భవనం వెనక తుప్పల్లో చేరాడు. తవిటయ్య, పైడిరాజు నన్ను పట్టుకుని నీటికి ఇవతలి కొండెక్కారు. వెంట పాత తుపాకీ కూడా ఉంది.

అదిగో, ఇద్దరిలోనూ చెరో లోపం. పాత తుపాకీ అంత దూరమూ అందుకుంటుంది, కానీ అరుస్తుంది. ఒకణ్ణి పడగొడితే ఆ చప్పుడుకు మిగతా ఇద్దరూ సుందరిని బతకనివ్వరు. నేను అరవను, కానీ అంత దూరం నమ్మకంగా అందుకోలేను.

మిట్టమధ్యాహ్నం ఒకడు సుందరిని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు. వాడి తల గురి చూసే నా అద్దంలోకి వచ్చింది. రేడియోలో గ్లాడ్‌స్టన్ గారి గొంతు బుసబుసలాడింది.

"దొరికాడు. కొట్టు తవిటయ్యా!"

నా స్ప్రింగు తహతహలాడిపోతోంది. కొట్టవయ్యా, ఎన్నాళ్ళిలా పడుకోబెడతావు!

"కొట్టను సార్" అన్నాడు తవిటయ్య. "దీని గుండు అక్కడికెళ్ళేలోగా ఆడు ఇటు నుంచి అటు కదిలితే, ఆ తావులోకి ఆ పిల్ల తల వస్తాది. నన్ను కిందకి దిగనీండి."

"దిగితే కనబడతావు."

"అగుపడితే నన్నే కదా సార్ కాలుస్తారు."

అవతలి గాలి హోరులోంచి "దిగు" అన్న మాట వినిపించింది.

నన్ను గుండెలకు అదుముకుని పాక్కుంటూ దిగాడు. చీమల గూడు తెగి మెడ మీద పడింది. ఎర్రచీమలు చొక్కాలో దూరి కుడుతున్నా దులుపుకోలేదు, చెయ్యి కదిపితే ఆకు కదులుతుందని. అతని చెమట నా చెక్క మీద కారింది. నీటి అంచున ఒక బండ చాటుకు చేరేసరికి గెస్ట్‌హౌస్ నా అందుబాటులోకి వచ్చింది. సుందరిని వరండా మెట్ల మీద కూర్చోబెట్టారు. మనుషుల ఛాతీలు ఒక్కొక్కటే నా అద్దంలో నిండుగా కనబడుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడతను నా మూతిని పక్కకు తిప్పాడు. జీపు టైరు మీదికి!

ఇంతదూరం వచ్చి టైరా? నాకు రోషమొచ్చింది. కానీ మీట నొక్కింది అతను. నాలోంచి ఆ పుస్తకం మూసిన చప్పుడే వచ్చింది, నీళ్ళు కూడా ఉలిక్కిపడలేదు. టైరు బుస్సుమంది.

"ముల్లు దిగిందిరా, నీ కళ్ళు మండ! ఎక్కడ పోనిచ్చావు బండిని?" అని ఒకడు డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. పోట్లాడుకుంటూనే జాకీ తీశారు, స్టెప్నీ దించారు. తుపాకులు జీపుకు ఆనించి ముగ్గురూ టైరు చుట్టూ వంగారు. గ్లాడ్‌స్టన్ గారి మనుషులకు అదే చాలు. వెనకనుంచి వచ్చిపడి, ముగ్గుర్నీ నేలకు అదిమిపట్టారు. ఒక్క నెత్తురుబొట్టు నేల రాలలేదు.

శిబిరంలో ఆ సాయంత్రం అంతా నా పేరే. గ్లాడ్‌స్టన్ గారు అప్పుడే నా తోబుట్టువుల కోసం అల్మారాలో చోటు చూపిస్తున్నాడు. తీరా మర్నాడు తన మాట చెప్పే వేళ తవిటయ్య లేచి నిలబడి, "ఇది మనకి ఒద్దు సార్" అన్నాడు.

"మతి పోయిందా? నిన్న ఆ పిల్ల ప్రాణం కాపాడింది ఇదే కదా!"

"కాదన్ను సార్. నిన్న తుప్పలున్నాయి, బండుంది, దిగగలిగాను. మన లోయల్లో అన్నిచోట్లా దిగడానికి దారుండదు. దీన్ని నమ్మి ఇంకొకడు కొండ మీద చిక్కుకుంటే ఆడేటి చేస్తాడు?"

"మరి నీ చెవి?"

తవిటయ్య నా వంక చూశాడు. "చెవి నాది సార్. గురి తప్పితే పోయేది ఇంకోళ్ళ పేణం."

నన్ను ఇంత ప్రేమించినవాళ్ళూ లేరు, ఇంత అవమానించినవాళ్ళూ లేరు. అతను చెప్పింది నిజం కావడంతో కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

నన్ను తెచ్చిన అమ్మకందారు తిరిగిమ్మని అడగలేదు. గుండును పేల్చే నా సూది పీకేసి, శిక్షణ కేంద్రంలో అద్దాల బీరువాలో పెట్టారు. పేలలేను, పడుకోలేను. బయట మైదానంలో కుర్రాళ్ళు గురి నేర్చుకుంటుంటే ప్రతి పేలుడుకూ లోలోపల అదురుతుంటాను.

ఈమధ్య ఒకరోజు తవిటయ్య ఒకామెను వెంటబెట్టుకొచ్చాడు. ఖాకీ చీర, జడలో అడవిమల్లెలు. సుందరి.

"ఇదేనమ్మా" అన్నాడు అతను, కాస్త గర్వంగానే. "పక్కనున్నోడికి కూడా వినబడదు."

ఆమె బీరువా దగ్గరికి వచ్చి నన్ను చూసింది.

"నాకూ వినబళ్ళేదన్నా" అంది. "ఆ మెట్ల మీద కూర్చుని చెవులు రిక్కించుకున్నాను. ఎక్కడో ఒక చప్పుడు, ఒక అడుగు, ఏదో ఒకటి వినబడితే చాలు, నా కోసం ఎవరో వచ్చారని ధైర్యం తెచ్చుకుందామని. టైరు పేలాక కూడా ముల్లనే అనుకున్నాను. నా కోసం ఎవరూ రాలేదనుకున్నాను."

తవిటయ్య తల వంచుకున్నాడు. ఆమె వేలితో బీరువా అద్దం మీద టకటకా తట్టింది, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగినట్టు.

పుట్టి ఇన్నేళ్ళలో బదులు పలకాలని నాకు మొదటిసారి అనిపించింది.